నూకరత్నం చేతి నీళ్ళు

6,184వ తొలగింపు

బడికి రోజూ సాయంత్రం అప్పజెప్పే నివేదిక వేరు, ఇది వేరు. దీన్ని పాత హాజరు పుస్తకం వెనక పేజీల్లో పెన్సిలుతో రాస్తున్నాను. బడివాళ్ళు నా మెడలో వేసిన బిళ్ళకి చెవులున్నాయి గానీ కళ్ళు లేవు. అదొక్కటే నా అదృష్టం.

నా పేరు నూకరత్నం. యాభై మూడేళ్ళు. భీమిలి దగ్గర కొండ మీదున్న మేనేజిమెంటు బడిలో నా పని, పని పోగొట్టుకోవడం. రోజుకి ఒకటి నుంచి ఐదు సార్లు ఎవరో ఒక విద్యార్థి నా ఎదురుగా కూర్చుని, నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు చెబుతాడు. నేను ఏడుస్తాను, లేదా తిడతాను, లేదా బిగుసుకుపోతాను. ఆ రోజు కాగితంలో ఏముంటే అది. తర్వాత వాడన్న ఏ మాట నాకు ఎక్కడ తగిలిందో నివేదికలో నిజం చెప్పాలి. ఆరేళ్ళలో ఇవాళ్టికి ఆరువేల నూట ఎనభై నాలుగు సార్లు నా ఉద్యోగం పోయింది. దేశంలో నాకన్నా అనుభవజ్ఞురాలు ఉంటే తీసుకురండి చూద్దాం.

ఇవాళ తీసేసినవాడు నిశాంక్. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పినట్టు చెప్పాడు. మీ సేవలకు సంస్థ కృతజ్ఞతలు తెలుపుతోంది అంటూ నా నుదుటి కేసి చూస్తాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. ఒళ్ళు మండింది. ఇరవై నాలుగేళ్ళొచ్చాయి, మనిషి కళ్ళలోకి చూడటానికి కూడా రెండేళ్ళు చదవాలా వీడు? నివేదికలో ఆ మాటే అన్నాను. బడి పిల్లలందరూ వింటారని ఇంకాస్త గట్టిగా అన్నాను.

మెట్ల దగ్గర గోడ నిండా పాతకాలపు ప్రొఫెసర్ల ఫోటోలుంటాయి. ఒక్కొక్కటి కింద వాళ్ళు చెప్పిన పాఠం పేరు. ఫైనాన్సట, మార్కెటింగట, వ్యూహరచనట, నాయకత్వమట. ముప్పై రెండు లెక్కపెట్టాను. ఇప్పుడవన్నీ పెద్దాయన చూసుకుంటాడు. పెద్దాయనంటే మనిషి కాదు, కంపెనీలన్నింటినీ నడిపే యంత్రం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ డైరెక్టరు దగ్గర్నుంచి తోటపనివాళ్ళ దాకా అందరం అలాగే అంటాం. ఎంత కొనాలో, ఎంత అమ్మాలో, ఎవర్ని తీసేయాలో ఆయనే తేలుస్తాడు. ఒక్కదానికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు. నీ పని పోయిందన్న మాట మనిషికి యంత్రం చెప్పకూడదు, పట్టా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అలా ముప్పై రెండు పాఠాలూ పోయి ఈ ఒక్కటీ మిగిలింది. దీనికే రెండేళ్ళ చదువు, నల్లగౌన్లు, స్నాతకోత్సవం. సిగ్గు లేదు వీళ్ళకి.

6,189వ తొలగింపు

ఈ వారం కొత్త కాగితం ఇచ్చారు. ఫైనలు పరీక్ష దీని మీదేనట. నేను వేయాల్సిన మనిషి అరవై ఒక్క ఏళ్ళ ఆడమనిషి. రొయ్యలు వలిచే షెడ్డులో పని. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ వేస్తుంది. షెడ్డులో అందరికన్నా పెద్దది. పేరు రాయలేదు.

పేరెందుకు? చదువుతుంటేనే చుట్టవాసన వచ్చింది. బంగారమ్మ వదిన. సొంత వదిన కాదు. రేవు షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన నిలబడి రొయ్యలు వలిచాం, అందుకని వదిన.

ఎప్పుడో నేను నివేదికల్లో చెప్పిన షెడ్డు కబుర్లలోంచి ఏరి ఈ కాగితం తయారుచేశారనుకున్నాను. అనుకుని, పూనకం వచ్చినదాన్లా వేశాను. వదిన గొంతు, వదిన దగ్గు, చీరకొంగు నడుములో దోపుకునే తీరు, అన్నీ. పని మీద పొగరు నాకు. ఆ పొగరే కొంప ముంచుతుందని తెలిస్తే కదా.

ఎదురుగా కూర్చున్నది ధాత్రి. బడికంతటికీ ఫస్టు. మెత్తటి పిల్ల, మెత్తగా ఉంటుందనే నాకు ఒళ్ళుమంట. వదినలా దాన్ని ఎడాపెడా తిట్టాను. అది కిమ్మనకుండా కూర్చుంది. బడిలో మొదటి పాఠమే అది: తిట్టేవాళ్ళు చివరికి మనమిచ్చిన నీళ్ళు తాగుతారు, నోరు మెదపనివాళ్ళే తాగరు. నా ఏడుపుల్లోంచి, నా తిట్లలోంచి ఆరేళ్ళు పిండి తీసిన పాఠం. నా తిట్లు అయిపోయాక, "చుట్ట కాల్చుకుంటారా పెద్దమ్మా? మీరు కాల్చుకునేదాకా నేనేమీ మాట్లాడను" అంది. అని, నిజంగానే ఆగింది. నాకు తెలియకుండానే గుండె కరిగిపోయింది. గ్లాసు ఎత్తి గడగడా తాగేశాను.

ఆ నీళ్ళ సంగతి రాయాలి. పూర్వం సంతకమో వేలిముద్రో తీసుకునేవారు. బలవంతంగా వేయించారని జనం కోర్టుకెక్కేవారు. నేను చేరిన మొదటి ఏడు నివేదికలో ఒక మాట అన్నాను, నా పని పోయిననాడు నోరెండిపోయింది, ఒక్క గ్లాసు మంచినీళ్ళిచ్చి ఉంటే ఇంత కడుపుమంట ఉండేది కాదని. అంతే, పట్టుకున్నారు. ఎవరి గొంతులోనూ బలవంతంగా నీళ్ళు పోయలేరు కదా, అందుకని మాట విన్నాక పోసిన నీళ్ళు తాగితే ఒప్పుకున్నట్టే అని చట్టంలోకి ఎక్కించారు. తాగకపోతే తొలగింపు పూర్తి కానట్టు, హాజరూ జీతమూ నడుస్తూనే ఉంటాయి. బయట ఈ సంగతి తెలిసినవాళ్ళు లేరు. మర్యాదకి ఇచ్చారనుకుని తాగేస్తారు. పని పోయిందని విన్న మనిషికి దాహం వేయదా మరి.

సాయంత్రం నివేదికలో చెప్పాను, చుట్ట మాటకి మనసు కరిగిందని, ఆ మనిషి దగ్గరికి దారి అదేనని.

6,196వ తొలగింపు

నా నోట్లో మన్ను పడ.

ఇవాళ డైరెక్టరు ఇంద్రనీల్ గారు నాలా విద్యార్థుల ఎదుట కూర్చుని పని పోగొట్టుకునే వాళ్ళందరినీ పిలిచి, ఈ ఏడు ఫైనలు పరీక్ష గదిలో కాదని చెప్పారు. రేవు షెడ్డులోనేనట. రొయ్య నలగకుండా వలిచే యంత్రం వచ్చేసిందట. షెడ్డులో నాలుగు వందల పన్నెండు మంది ఆడవాళ్ళు. బడిలో నలభై ఒక్క మంది విద్యార్థులు. ఒక్కొక్కరికి పదిమంది చొప్పున సరిపోయారు, ఇద్దరు ఎక్కువ. గ్లాసులు ఖాళీ అయితే పాసు. మర్నాడే స్నాతకోత్సవం.

మరి అందరూ కలిసి ఒక్క ముసలమ్మ మీదే ఎందుకు సాధన చేస్తున్నారని మా వాళ్ళలో ఒకడు అడిగాడు. జవాబు నాకు తెలుసు, ఎందుకంటే అదీ నేను కక్కిందే. ఒకసారి షెడ్డులో నీళ్ళ డ్రమ్ములో క్లోరిన్ ఎక్కువ పడి ఎనిమిది మంది ఆసుపత్రి పాలయ్యారు. అప్పట్నుంచి షెడ్డులో ఒక ఆచారం. ఎంత దాహమేసినా ముందు అందరికన్నా పెద్దది తాగాలి. ఆవిడ తాగి, బాగున్నాయి అని తలూపితే తప్ప మిగతావాళ్ళు గుక్క మింగరు. బంగారమ్మ వదిన తాగిందంటే నాలుగు వందల పదకొండు మంది తాగుతారు. ఇంద్రనీల్ గారు నా వైపు చూసి, "మీరు లేకపోతే మాకు ఈ తాళంచెవి దొరికేది కాదు నూకరత్నం గారూ" అన్నారు. చప్పట్లు కూడా కొట్టించారు.

ఎలా చెప్పను వదినకి? చెప్పకూడదు. ఎవరైనా ముందుగా చెప్పి తాగకుండా చేస్తే దాన్ని నేర్పిన నిరాకరణ అంటారు. అది చెల్లదు. తాగనివాళ్ళ పనీ పోతుంది, నేర్పినవాళ్ళకి మూడేళ్ళ జైలు. అందుకే మా మెడల్లో ఈ బిళ్ళలు. జైలుకి భయపడను, అక్కడైనా తిండి పెడతారు. కానీ నేను నోరు విప్పితే వదిన కాదన్నా ఆ కాదనడం చెల్లదు. తనంతట తానే తాగకుండా ఉండాలి.

6,203వ తొలగింపు

వారం రోజులు అన్నం సయించలేదు. వదినలా కూర్చుంటున్నాను, తిడుతున్నాను, తాగుతున్నాను. కాగితంలో తాగమనే ఉంది, తాగకపోతే నా బదులు ఇంకొకరిని కూర్చోబెడతారు. నలభై ఒక్క మందీ చుట్ట మాట నేర్చేసుకున్నారు. నిశాంక్ గాడికి కూడా కళ్ళలోకి చూడటం వచ్చేసింది.

ఇవాళ నాకొక సంగతి తట్టింది. తట్టగానే నవ్వొచ్చింది, పక్కవాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఏడేళ్ళ కిందట నేను ఆ షెడ్డులో మేస్త్రీని. మొదటి విడత నలభై మందిని తీసేసినప్పుడు కంపెనీ మనిషి నన్ను పక్కకి పిలిచి, నువ్వు ముందు వేలిముద్ర వేస్తే మిగతావాళ్ళని కొత్త షెడ్డులో పెట్టుకుంటామన్నాడు. నమ్మాను. వేశాను. నన్ను చూసి నలభై మందీ వేశారు. ఎవరికీ ఏ షెడ్డూ రాలేదు. ఆ నలభై మందిలో వదిన చెల్లెలు సత్తెమ్మ ఉంది. మంచం పట్టి ఆ ఏడే పోయింది. చెల్లెల్ని సాగనంపి వచ్చిన రోజు షెడ్డు గేటు దగ్గర, అందరూ చూస్తుండగా, వదిన నా ముఖాన చెప్పింది. "నీ సేతి పచ్చి మంచినీలు ముట్టను. సచ్చిపోతా ఉన్నా సరే, నా నోట్లో నీలు నువ్వు పొయ్యకు." అప్పుడు బిళ్ళలు లేవు. పెద్దాయన చెవుల్లో ఆ మాట పడలేదు. నేను ఏ నివేదికలోనూ చెప్పలేదు, సిగ్గుతో.

నేను నేర్పకూడదు సరే, నేర్పక్కర్లేదుగా. నన్ను అసహ్యించుకోవడం వదినకి ఏడేళ్ళ కిందటే నేర్పాను, దానికి ఏ చట్టమూ లేదు.

సాయంత్రం నివేదికలో చెప్పాను: కొత్త పిల్ల ఇచ్చిన గ్లాసు చూసి ఈ ముసలమ్మకి అనుమానం వస్తోంది, పాత తోటిమనిషి పోస్తే చూడకుండా తాగేస్తుంది అని. గొంతు వణకలేదు. ఆరువేల సార్లు ఏడ్చిన గొంతు, దానికి అబద్ధం ఒక లెక్కా?

గంటలో ఇంద్రనీల్ గారు పిలిచారు. ఆలోచన బాగుందిట, షెడ్డులో ఆవిడకి నీళ్ళు నాచేతే పోయిస్తారట. కానీ ఆవిడకీ మీకూ ఇప్పటికీ మాటలున్నాయా అని పెద్దాయన అడుగుతున్నాడట. ఆదివారం వెళ్ళి కలిసి రమ్మన్నారు. బిళ్ళ తీయకుండా వెళ్ళాలి. నీళ్ళ చట్టం మాట తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చట.

మంచిదే. ముఖం మీద తలుపు వేస్తుంది, తిరిగొచ్చేస్తాను. తిట్టిందంటే బడివాళ్ళు మరీ సంబరపడతారు, వాళ్ళ పాఠం ప్రకారం తిట్టేవాళ్ళు తాగేవాళ్ళే కదా. వాళ్ళకి తిట్లలో రకాలుంటాయని తెలియదు.

ఆదివారం, తొలగింపులు లేవు

అక్షరాలు కుదరడం లేదు.

రేవు వీధిలో మూడు వరసల ఇళ్ళు సముద్రంలోకి పోయాయి. వదిన ఇల్లిప్పుడు మొదటి వరస. గుమ్మం ముందు ఇసుకబస్తాల మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. పదకొండు గంటల ఎండలో వీధి మధ్య నిలబడ్డాను, ఉమ్ముతుందని, లేచి తలుపేసుకుంటుందని.

తలెత్తి చూసింది.

"ఎండలో నిల్సున్నావేటే నూకీ. ఇలా నీడకి రా" అంది.

కాళ్ళు నా మాట వినలేదు, వెళ్ళి నీడలో కూర్చున్నాయి. వదిన లోపలికి వెళ్ళి కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సత్తెమ్మ పోయి ఏడేళ్ళయిపోయిందని, నన్ను తిట్టుకుంటూ ఎన్నాళ్ళని బతుకుతానని, మొన్న జ్వరంలో నేనే గుర్తొచ్చానని మెల్లగా చెప్పుకొచ్చింది. చెంబు నా చేతికిచ్చి, "తాగు" అంది.

ఈ చెంబు కోసం ఏడేళ్ళు ఎదురుచూశాను. ఆరువేల రెండు వందల సార్లు దొంగేడుపు ఏడ్చినప్పుడు లోపల అసలు ఏడుపు ఒకటుండేది, అది దీని కోసమే. ఒక్క గుక్క తాగితే చాలు, పగ తీరిపోతుంది. పగ తీరితే ఎల్లుండి షెడ్డులో నా చేతి నీళ్ళు వదిన తాగుతుంది. ఆవిడ తలూపితే నాలుగు వందల పదకొండు మంది తాగుతారు. ఆ నీళ్ళు పోయడానికి నా పేరు నేనే ఎక్కించుకుని కూర్చున్నాను. ఇప్పుడు వద్దంటే ఇంకెవరో పోస్తారు, చుట్ట మాట ఎలాగూ వాళ్ళ చేతిలో ఉంది.

నోట్లో తడి లేదు. చెంబు ఇసుకబస్తా మీద పెట్టేశాను. ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"సత్తెమ్మ ఏలిముద్ర ఎయ్యనంది వదినా. నిన్నడిగొచ్చి ఏస్తానంది. నానే దాని బొటనేలు అట్టుకుని ఏయించీసినాను. ఏడ్సింది. అది ఏడిస్తే నాను నవ్వినాను."

మొదటిదంతా నిజం. దాని వేలు నా పిడికిట్లో చేపపిల్లలా గింజుకోవడం ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. నవ్వానన్నది అబద్ధం. నవ్వలేదు. నిజం ఒక్కటే చెబితే క్షమించేస్తుందేమోనని భయమేసి ఆ ముక్క కలిపాను.

వదిన లేచింది. చెంబు తీసుకుని వీధిలోకి పారబోసింది. "నా గుమ్మం దిగు" అంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ తిట్లు నా వెనక వస్తూనే ఉన్నాయి. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూశారు. ఒకావిడ నా మీద ఇసుక చల్లింది. నడుస్తూ ఏడ్చాను, బిళ్ళ వింటే విననీ అని.

6,204వ తొలగింపు

ఇంద్రనీల్ గారు రికార్డు అంతా విన్నారు. ముఖం వెలిగిపోతోంది. ఇంత గట్టిగా తిట్టిందంటే ఎంత దగ్గరితనం ఉండాలో అన్నారు. పెద్దాయన కూడా లెక్కగట్టాడట, ఈ స్థాయిలో తిట్టినవాళ్ళలో నూటికి తొంభై నాలుగు మంది తాగారట. ఆ తొంభై నాలుగు మందీ నేనే కదా నాయనా అనబోయి నాలుక కరుచుకున్నాను. చివర్లో ఆ నీళ్ళు పారబోసిన చప్పుడేమిటని అడిగారు. చేపలు కడిగిన నీళ్ళన్నాను.

బయటికొచ్చాక ధాత్రి వరండాలో నా పక్కన నడుస్తూ, "మీకు నిజంగా నొప్పి కలుగుతుందా పెద్దమ్మా, మేం తీసేసినప్పుడల్లా?" అని అడిగింది. రెండేళ్ళు నా మీద చదువుకుని, పరీక్ష ముందురోజు అడుగుతోంది. పోయి చదువుకో అన్నాను.

నాది కాని తొలగింపు

షెడ్డు మారలేదు. అదే ఐసు, అదే తెల్లలైట్లు, వేళ్ళని కొరికేసే అదే చలి. పొడుగాటి బల్లల వెంట నాలుగు వందల పన్నెండు మంది. వాళ్ళ మధ్య నల్లకోట్లేసుకున్న నలభై ఒక్క మంది, ప్రతి ఒక్కరి ముందూ ట్రేలో గ్లాసులు. నన్ను వదిన నిలబడిన బల్ల వెనక, స్తంభం చాటున నిలబెట్టారు. నేనొచ్చింది చివర్లో తెలిస్తే బాగుంటుందని పెద్దాయన సలహా.

ధాత్రి మొదలుపెట్టింది. ఒప్పుకోవాలి, ఆరేళ్ళలో అంత బాగా చెప్పినవాళ్ళని చూడలేదు. రొయ్యల మాట చెప్పలేదు, యంత్రం మాట చెప్పలేదు. ముందు ఆ గోరులేని బొటనవేలు చూసి, ఈ చలికి అది ఇంకా సలుపుతుందా అని అడిగింది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. వదిన గట్టిగా ఒక తిట్టు తిట్టింది, రెండోది సగంలో ఆపేసింది. చుట్ట కాల్చుకోండి, నేనాగుతాను అంది ధాత్రి. వదిన చుట్ట తీసింది, వెలిగించలేదు. కళ్ళు తుడుచుకుంది. అవన్నీ నా మాటలే. ఆ ముసలిదాని గుండెకి దారి నేనే గీసిచ్చాను. షెడ్డంతా చేతులు ఐసులోంచి తీసి వదిన వైపే చూస్తోంది.

ధాత్రి నా వైపు తలూపింది. నేను స్తంభం చాటు నుంచి వచ్చాను. స్టీలు జగ్గుతో గ్లాసులో నీళ్ళు పోశాను. వదిన కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, ముందు గ్లాసునే చూసింది, చెయ్యి కూడా చాచింది. వేళ్ళు గ్లాసుకి తగిలాక గానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడలేదు. అప్పుడు చూసింది.

తిట్టలేదు. బడి పాఠంలో రెండో సగం అదే కదా, నోరు మెదపనివాళ్ళు తాగరు. ధాత్రి ముఖం పాలిపోయింది, ఆ పిల్లకి అప్పుడే అర్థమైపోయిందనుకుంటాను.

"దీని సేతి నీలు నాను తాగను" అంది వదిన, నాతో కాదు, షెడ్డుతో. "సచ్చినా తాగను."

గ్లాసు లాక్కుని బల్ల మీద బోర్లించింది. నీళ్ళు ఐసులోకి జారిపోయాయి. తర్వాత పక్కబల్ల దగ్గర ఎవరో గ్లాసు బోర్లించారు. ఆ తర్వాత ఒకటి, ఇంకొకటి. నలభై ఒక్క మంది విద్యార్థులూ, తాగండి అమ్మా, తాగండి పిన్నీ అని బతిమాలుతూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. వదిన చేతులు మళ్ళీ ఐసులో పెట్టింది. అందరూ పెట్టారు. గేటు దగ్గర యంత్రం హాజరు తీసుకుంది, నాలుగు వందల పన్నెండు.

వెళ్ళేటప్పుడు వదిన నా పక్కనుంచే వెళ్ళింది. నా కాళ్ళ ముందు ఉమ్మింది. అంత మంచి పని నా జన్మలో నాకెవరూ చేయలేదు.

6,212వ తొలగింపు

ఇది అసలుది.

నాలుగు రోజులు విచారణ చేశారు. బిళ్ళలో ఉన్న ప్రతి మాటా విన్నారు, నేనెక్కడా నేర్పలేదని వాళ్ళ పెద్దాయనే తేల్చాడు. షెడ్డువాళ్ళ నిరాకరణ చెల్లింది. మళ్ళీ అడగాలంటే ఏడాది ఆగాలి, చట్టం అంతే. బడిలో ఒక్కడూ పాసవలేదు. స్నాతకోత్సవం రద్దు. కిరాయికి తెచ్చిన గౌన్లు వెనక్కి పంపించారు. మిగిలింది సప్లిమెంటరీ. సప్లిమెంటరీకి ఎవర్ని తీసేయాలో పెద్దాయన చెప్పాడు. నన్ను.

కేసుగదిలో, నేను రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఎదురుగా ధాత్రి. గ్లాసు నిండుగా ఉంది. పక్కనే జగ్గు, మూత. ఇంద్రనీల్ గారు గుమ్మంలో నిలబడి ముందే హెచ్చరించారు, మీకు చట్టం తెలుసు, మీరు తాగకపోతే అది నేర్పిన నిరాకరణే అవుతుంది, చెల్లదు అని. అలాగే రాయండి అన్నాను. నేర్పిందెవరని రాస్తారు? నాకు తెలిసిన చట్టమంతా ఈ బడి నేర్పిందే, మూడేళ్ళు జైలుకి ఎవరు వెళతారో మీలో మీరు తేల్చుకోండి అన్నాను. ఆయన తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

ధాత్రి గ్లాసు నా వైపు జరపలేదు. కొత్త ఎత్తేమో అనుకుని నేనూ బిగించుకుని కూర్చున్నాను. ఆ పిల్ల కళ్ళు బాగా వాచి ఉన్నాయి. చుట్టల మాట ఎత్తదు, నేను కాల్చనని తెలుసు. నా వయసు గురించి, ఆరేళ్ళ సేవ గురించి అంటుందనుకున్నాను.

"ఆ రోజు మీరు నవ్వలేదు" అంది. "సత్తెమ్మగారు ఏడుస్తున్నప్పుడు. ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో. మీరు నవ్వలేదు పెద్దమ్మా. నాకు తెలుసు."

ఫస్టు ర్యాంకు ఊరికే రాలేదు దీనికి. ఆరువేల రెండు వందల పన్నెండు సార్లలో ఇంత లోపలికి దిగిన మాట లేదు. ఏడేళ్ళుగా ఈ మాట ఒక్కరైనా అంటారా అని చూశాను. వదిన అనదు. వదినకి ఎప్పటికీ చెప్పకూడదు. ఆమెకి నిజం తెలిసిన రోజున పగ పోతుంది, వచ్చే ఏడు మళ్ళీ గ్లాసులు వస్తాయి. ఆవిడ నన్ను తిట్టుకుంటూనే పనిలోకి వెళ్ళాలి, తిట్టుకుంటూనే ఇంటికి రావాలి. రోజూ షెడ్డు గేటు దగ్గర తిడుతోందట, చేపల బండి తోలే ఆమె చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. ఆ తర్వాత బయటికి వెళ్ళి ఏడ్చాను.

ఏడుపొచ్చింది ఇప్పుడు కూడా, దొంగది కాదు. గొంతు ఎండి నాలుక అంగుడికి అతుక్కుపోయింది. నా చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది. ధాత్రి ఊపిరి బిగబట్టి చూస్తోంది. బాగా చెప్పావమ్మా అన్నాను. నివేదికలో నీకు పూర్తి మార్కులు వేస్తానన్నాను.

తర్వాత ఈగలు పడతాయని గ్లాసు మీద మూత పెట్టి, నా హాజరు వేయమన్నాను.